కారణం అనే గడిలో

ఫారంలో కారణం అనే గడి రెండు వేళ్ల వెడల్పుంది.
దాని పక్కనే బాధ్యులు అనే గడి, ఇంకా ఇరుకు.
నేనేమో రాత్రి విన్న శబ్దం దగ్గర్నించి రాద్దామనుకుంటున్నాను.

తడిసిన అట్టపెట్టె పెళ్లుమని కూలదు.
పలమనేరు నుంచి నిలబడే వచ్చిన మనిషి
సీటు దొరికాక వదిలే ఊపిరిలా, ఉస్సుమని.
ఆ తర్వాతే డబ్బాల మోత.
మామిడి గుజ్జు డబ్బాలు, పెట్టెకి ఆరు.
బంగారుపాళెం రోడ్డు దాకా వినపడిందంటాడు వాచ్‌మన్ గుర్రప్ప.

పెట్టె పాసయింది. నేనే పరీక్షించాను.
జ్యేష్ఠంలో, తోతాపురి ట్రాక్టర్లు
గేటు బయట మైలు పొడుగున ఈగలతో కాచుకున్న రోజుల్లో,
మిషను పలకల నడుమ పెట్టి నొక్కితే
నాలుగు వందల ఎనభై కిలోల దాకా కిమ్మనలేదు.
అట్ట అప్పుడు ఎండిన అప్పడం. గోటితో మీటితే టక్కుమనేది.
ఎనిమిది వరసలు పేర్చవచ్చని
బాణం గుర్తు పక్కన అచ్చు వేయించాను.

నిన్న కూడా ఎనిమిదే ఉన్నాయి. లెక్కపెట్టాను.

కార్తీకంలో మద్రాసు సముద్రం మీద వాయుగుండం అంటే
చిత్తూరులో గోడౌను గోడలు చెమర్చడం.
తెల్లారికి తొంభై శాతం తేమ.
మధ్యాహ్నం మబ్బు విడిచి రేకులు కాగితే యాభై.
దీపాలు పెట్టే వేళకి మళ్లీ తొంభై.
మూడు వారాలు.

కాగితంలో పీచునీ పీచునీ కలిపేది జిగురనుకుంటారు.
వట్టి చేతులే. ఆరేటప్పుడు దగ్గరకొచ్చి పట్టుకున్న చేతులు.
ఆవిరి వచ్చి మర్యాదగా నడుమ కూర్చుంటుంది,
కాసేపు నన్ను పట్టుకోండి అంటుంది.
పీచు లావెక్కుతుంది, పొడుగు మాత్రం అంతే.
ఎండొస్తే ఆవిరి లేచిపోతుంది, చేతులు మళ్లీ కలుస్తాయి,
పాతచోటికి వెంట్రుకవాసి కిందుగా.
మీద ఏడు పెట్టెల బరువు
ఆ వెంట్రుకవాసినే కాచుకుని ఉంటుంది.

ఎప్పుడూ తడిగానే ఉంటే ఇంకొన్నాళ్లు మోసేది.
తడవడం, ఆరడం, మళ్లీ తడవడం,
నడుము విరిచేది అది.
కాలేజీలో దీని మీద ఎనిమిది మార్కుల ప్రశ్న వచ్చింది.
ఏడున్నర వేశారు నాకు.

పొద్దున పగిలినవి ఏరుతూ మొగిలప్పకి ఇదంతా చెప్పాను.
తువ్వాల పిండుకుని విన్నాడు.
"మాదీ అదే కద సార్.
ఒక వారం రమ్మంటారు, ఒక వారం వద్దంటారు.
పనే లేదంటే ఇంకో దావ చూసుకుందుము."
నేనేమీ అనలేదు.
ఇద్దరం ఒక పెట్టెని చెరోవైపు పట్టి ఎత్తాం.
గోడలు మా చేతుల్లోకొచ్చాయి,
అడుగు నేల మీదే ఉండిపోయింది, నానిన అటుకుల్లా.

ఇంకొకటి ఉంది.
కుప్పమ్మ ఆదివారం ఆదివారం వచ్చి
కింది వరసని పైకీ పై వరసని కిందికీ మార్చేది.
ఎవరు నేర్పారో అడగలేదు.
"అవీ మనుషుల్లాంటివే, కొంచేపు దించాల" అనేదట.
అక్టోబరులో ఆదివారం కూలీ దండగని ఆపేశాం.
ఆ కాగితం మీద సంతకం నీలం సిరాది. నాది.

ఫారం కూడా గోడౌను గాలి పీల్చింది.
అంచు చుట్టుకుపోతోంది, అరచేత్తో అదిమి పెట్టుకున్నా.
మడిస్తే చప్పుడు చెయ్యదు.
తేమ, అని రాశాను.
రెండక్షరాలే, గడిలో బాగానే పట్టాయి.
చుక్క పెట్టి కలం ఎత్తేలోపు
సిరా పీచు పట్టుకుని మెల్లగా గీత దాటింది,
పక్క గడి వైపు.
అద్దుడు కాగితం సొరుగులోనే ఉంది.
తియ్యలేదు.